ఆరున్నర సెకన్ల ఫొటో

మినీ ప్రాజెక్ట్ వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ నన్నొక ప్రశ్న అడిగారు. "కెమెరా నుంచి వచ్చే వీడియోలో ఒక్క లైన్ టైమెంత?"

"64 మైక్రోసెకన్లు సార్."

"కమడోర్ 64 అని 1982లో ఒక హోమ్ కంప్యూటర్ వచ్చింది. ప్రాసెసర్ స్పీడు 1 మెగాహెర్ట్జ్. దానికి కెమెరా తగిలించి బొమ్మల్ని లోపలికి తెచ్చుకునేవాళ్ళు. ఎలా?"

నేను కాసేపు సీలింగ్ ఫ్యాన్ వైపు చూసి "ఏదో ఫాస్ట్ చిప్ పెట్టుంటారు సార్" అన్నాను. ఆయన నవ్వి, నా తర్వాతి వాణ్ణి పిలిచారు.

మార్కుల సంగతి వదిలేయండి. ఆ "ఏదో చిప్" అన్న మాట మాత్రం నాకే నచ్చలేదు. ఈసీఈ థర్డ్ ఇయర్‌లో ఉండి అలా అనకూడదు. అందుకని కూర్చుని లెక్క వేశాను. తర్వాత అదే పద్ధతిలో ఒకటి కట్టి చూశాను. దసరా సెలవుల్లో దాంతో మా తాతయ్య ఫొటో తీశాను. ఆ ఫొటోలో నేను అనుకోనిది ఒకటి పడింది. అక్కడికి వస్తాను, ముందు లెక్క.

పాత టీవీల వెనక పసుపు రంగు పిన్ను ఒకటి ఉండేది, గుర్తుందా? అందులో వచ్చేది ఒక్క తీగ మీద వోల్టేజి మాత్రమే. మనం పుస్తకం చదివినట్టే కెమెరా కూడా ఎదురుగా ఉన్న దృశ్యాన్ని ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందకి, లైను తర్వాత లైను చదువుతుంది. చీకటి ఉన్నచోట 0.3 వోల్టులు, బాగా తెల్లగా ఉన్నచోట 1 వోల్టు. లైను అయిపోగానే వోల్టేజి కాసేపు సున్నాకి పడిపోతుంది. "లైను అయిపోయింది, తర్వాతది మొదలెట్టు" అని దానర్థం. అదే సింక్. మన దేశంలో వాడే పాల్ పద్ధతిలో ఫ్రేముకి 625 లైన్లు, సెకనుకి 25 ఫ్రేములు. ఒక్కో ఫ్రేము రెండు ఫీల్డులుగా వస్తుంది, ముందు బేసి లైన్లు, తర్వాత సరి లైన్లు. అంటే సెకనుకి 50 ఫీల్డులు. లైనుకి 64 మైక్రోసెకన్లు, అందులో అసలు బొమ్మ ఉండేది 52 మాత్రమే. అమెరికాలో వాడిన ఎన్‌టీఎస్‌సీలో 525 లైన్లు, సెకనుకి దాదాపు 60 ఫీల్డులు, లైను 63.5 మైక్రోసెకన్లు. కథ అదే, అంకెలు కాస్త వేరు.

ఇప్పుడు కమడోర్ 64 వైపు చూడండి. దాని స్క్రీన్ మీద అడ్డంగా 320 చుక్కలు, నిలువుగా 200. 52 మైక్రోసెకన్లలో 320 చుక్కలు కావాలంటే ఒక్కో చుక్కకి 0.16 మైక్రోసెకను. ప్రాసెసర్‌కేమో ఒక్క క్లాకుకే 1 మైక్రోసెకను పడుతుంది. పోర్టు నుంచి ఒక బైట్ చదవడానికి 4 క్లాకులు, దాన్ని మెమరీలో పెట్టడానికి 5, లెక్క ఒకటి పెంచడానికి 2, మళ్ళీ లూప్ మొదటికి పోవడానికి 3. మొత్తం 14. అంటే ఇది ఒక్క చుక్కని దాచుకునేలోపు 80కి పైగా చుక్కలు దాటిపోతాయి. లైను మొత్తానికి మూడో నాలుగో దొరుకుతాయి, అంతే.

పోనీ స్పీడు ఎలాగో తెచ్చామనుకుందాం. 8 బిట్లని ఒకేసారి కొలిచే ఫ్లాష్ ఏడీసీలో 255 కంపారేటర్లు ఉంటాయి. 595 డాలర్ల కంప్యూటర్ కొనుక్కున్నవాడికి అలాంటిది అమ్మడం కష్టం. కొలిచాక ఎక్కడ పెడతారు? 320 ఇంటూ 200 చుక్కలు, చుక్కకి ఒక బైట్ అంటే 64,000 బైట్లు. కంప్యూటర్ మొత్తం మెమరీ 65,536. ఒక్క ఫొటో పెడితే ప్రోగ్రాంకి చోటుండదు.

ఏ వైపు నుంచి చూసినా కుదరని పని. మరి కుదిరిందెలా?

రంగులరాట్నం గుర్తు తెచ్చుకోండి. జోరుగా తిరుగుతున్నప్పుడు అన్ని గుర్రాల మీద ఎవరెవరున్నారో ఒక్క చుట్టులో చెప్పమంటే మనవల్ల కాదు. కానీ అది మళ్ళీ మళ్ళీ తిరుగుతూనే ఉంటుంది కదా. మొదటి చుట్టులో మొదటి గుర్రాన్నే చూడండి. రెండో చుట్టులో రెండోదాన్ని. ఎవరూ మధ్యలో దిగిపోకపోతే, కొన్ని చుట్లలో మొత్తం లిస్టు మీ చేతికొస్తుంది.

కెమెరా కూడా అంతే. ఎదురుగా ఉన్నది కదలకపోతే అదే బొమ్మని సెకనుకి 50 సార్లు పంపిస్తూనే ఉంటుంది. కాబట్టి మొదటి ఫీల్డులో ప్రతి లైను నుంచి ఒక్క చుక్కే తీసుకుంటారు, ఎడమ అంచున ఉన్నది. ఫీల్డు అయ్యేసరికి నిలువుగా ఒక గీత, 200 చుక్కలు. రెండో ఫీల్డులో సింక్ వచ్చాక 0.16 మైక్రోసెకను ఎక్కువ ఆగి తీసుకుంటారు, రెండో గీత. ఇలా 320 ఫీల్డులు. ఇప్పుడు ప్రాసెసర్‌కి ఒక చుక్కకీ తర్వాతి చుక్కకీ మధ్య 64 మైక్రోసెకన్ల టైముంది. దానికి కావలసింది 14. తీరిగ్గా చేసుకోవచ్చు. మన పాల్ లెక్కలో మొత్తం 6.4 సెకన్లు, అమెరికాలో 5.3.

ఆపిల్ 2కీ కమడోర్‌కీ కంప్యూటర్‌ఐస్ అనే డిజిటైజర్ పెట్టె అమ్మేవాళ్ళు, అది కూడా ఈ నిదానం జాతిదే. సరే, 1 మైక్రోసెకను కన్నా సన్నగా కొలవలేని ప్రాసెసర్ 0.16 మైక్రోసెకను ఆగడం ఎలా? దానికి అనలాగ్ చిట్కా ఉంది. సింక్ రాగానే ఒక కెపాసిటర్ నిండటం మొదలవుతుంది, వోల్టేజి ఏటవాలుగా పెరుగుతుంది. దాన్ని ఇంకో వోల్టేజితో పోలుస్తారు. పెరుగుతున్నది దాన్ని దాటిన క్షణంలో చుక్కని పట్టుకుంటారు. ఆ రెండో వోల్టేజిని ఫీల్డుకి కాస్త చొప్పున పెంచుకుంటూ పోతే గీత కుడివైపుకి జరుగుతూ పోతుంది. మన సెకండ్ ఇయర్ ల్యాబ్‌లో ర్యాంప్ జనరేటర్ ఎందుకు చేయించారో నాకు అప్పుడు తెలిసింది. రికార్డులో మాత్రం గ్రాఫ్ సీనియర్ది చూసి గీశాను.

చుక్క తెలుపా నలుపా అన్నది ఒక్క కంపారేటర్‌తో తేలిపోతుంది. మరి మధ్య ఛాయలు? థ్రెషోల్డ్ మార్చి మళ్ళీ మొదటి నుంచి తీయడమే. ఇది హోమ్ కంప్యూటర్ల కన్నా చాలా పాత ఉపాయం. 1957లో అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో రస్సెల్ కిర్ష్ అనే ఇంజనీరు తన మూడు నెలల కొడుకు ఫొటోని సియాక్ అనే కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. కంప్యూటర్‌లోకి స్కాన్ చేసిన మొదటి ఫొటోగా చెప్పుకునేది దాన్నే. 176 అడ్డం, 176 నిలువు. స్కానర్‌కి తెలిసింది నలుపూ తెలుపూ మాత్రమే, అందుకని వేర్వేరు థ్రెషోల్డులతో చాలాసార్లు స్కాన్ చేసి, వాటిని కలిపి బూడిద రంగు ఛాయలు తెప్పించాడు. ఆయన డ్రమ్ము మీద చుట్టింది పిల్లాడి ఫొటోనే కాబట్టి సరిపోయింది. మూడు నెలల పిల్లాణ్ణి కదలకుండా పట్టుకోవడం ఏ ఇంజనీరు వల్లా కాదు.

1985లో అమిగా వచ్చాక రంగులు కూడా తేవచ్చన్నారు. ఆ ఏడాది జూలై 23న న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో దాన్ని విడుదల చేసినప్పుడు, గాయని డెబీ హ్యారీ బొమ్మని కెమెరాతో కంప్యూటర్‌లోకి పట్టి, దాని మీద ఆండీ వార్‌హోల్ స్టేజీ మీదే రంగులు నింపాడు. (పిట్స్‌బర్గ్‌లోని వార్‌హోల్ మ్యూజియంలో ఉండిపోయిన ఆయన అమిగా ఫ్లాపీల్లోంచి బొమ్మల్ని బయటికి తీసినవాళ్ళు కార్నెగీ మెలన్ యూనివర్సిటీ కంప్యూటర్ క్లబ్ స్టూడెంట్లు. 2014లో ఆ సంగతి బయటపెట్టారు. మనలాంటి క్లబ్బే. మన క్లబ్బులో ఫ్లాపీ చూసినవాళ్ళే ఇద్దరున్నారు.)

తర్వాత న్యూటెక్ అనే కంపెనీ పెట్టిన టిమ్ జెనిసన్ అమిగా కోసం డిజీ-వ్యూ చేశాడు. ప్రింటర్ పోర్టుకి తగిలించే చిన్న పెట్టె. తమాషా ఏంటంటే, కలర్ ఫొటో కావాలంటే బ్లాక్ అండ్ వైట్ కెమెరా వాడాలి. కెమెరా ముందు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లున్న చక్రం పెట్టి, ఒక్కో రంగుకీ ఒక్కోసారి స్కాన్ చేయాలి. ఆ మూడింటినీ కలిపితే అమిగా తన 4,096 రంగుల్లో చూపించేది. మొదటి స్కానుకీ మూడో స్కానుకీ మధ్య ఎదురుగా ఉన్నది కదిలిందా, అంచుల చుట్టూ ఎర్రగా, నీలంగా నీడలు పడతాయి. అందుకని ఇలాంటి డిజిటైజర్లకి కదలని వస్తువులే ఇష్టం. పళ్ళు, పూలకుండీలు, ముద్రించిన ఫొటోలు. మనుషులు కావాలంటే ఊపిరి బిగబట్టాలి. ఇదే జెనిసన్ చాలా ఏళ్ళ తర్వాత ఒక అద్దం పెట్టుకుని, వెర్మీర్ చిత్రాన్ని అంగుళం అంగుళం పోల్చుకుంటూ తిరిగి వేశాడు. దాని మీద 2013లో టిమ్స్ వెర్మీర్ అని డాక్యుమెంటరీ కూడా వచ్చింది. మనిషి మారలేదనిపించింది నాకు.

ఇక నేను కట్టింది. కమడోర్ 64 నాకెక్కడ దొరుకుతుంది? ఆర్డునో ఊనో తీసుకున్నాను. 16 మెగాహెర్ట్జ్, మెమరీ 2 కిలోబైట్లు. స్పీడులో కమడోర్ కన్నా నయం, మెమరీలో దాని కన్నా అధ్వాన్నం. అన్నయ్య వాళ్ళ షాపులో డీవీఆర్ మార్చినప్పుడు పక్కన పడేసిన పాత సీసీటీవీ కెమెరా, సింక్ విడదీయడానికి ఎల్ఎం1881, పోల్చడానికి ఎల్ఎం311, ఆ క్షణాన్ని పట్టుకోవడానికి ఒక డీ ఫ్లిప్‌ఫ్లాప్. బొమ్మ మొత్తం దాచుకోవడానికి చోటు లేదు, అవసరమూ లేదు. ఒక గీత అంటే 200 బిట్లు, 25 బైట్లు. ఫీల్డులో నేను వాడని 112 లైన్ల టైము, అంటే 7 మిల్లీసెకన్లు మిగులుతుంది. ఆ సందులో గీతని లాప్‌టాప్‌కి పంపించేస్తే, 115200 స్పీడులో 2.2 మిల్లీసెకన్లలో వెళ్ళిపోతుంది.

మొదటి బొమ్మ చెత్తగా వచ్చింది. టీ కప్పు పెడితే దాని అంచులు ఎలుక కొరికినట్టున్నాయి. సింక్ వచ్చిందా వచ్చిందా అని లూప్‌లో చూస్తూ కూర్చున్నాను కదా, వచ్చిన క్షణానికీ నేను చూసిన క్షణానికీ మధ్య మూడు క్లాకుల దాకా తేడా ఉంటుంది. అది ఒక చుక్క వెడల్పు కన్నా ఎక్కువ. ప్రాసెసర్‌ని నిద్రపుచ్చి, సింక్ చేత లేపిస్తే ప్రతిసారీ ఒకేలా లేచింది. అది పోయాక ఇంకో రోగం. ప్రతి 16 లైన్లకీ ఒక మచ్చ, అవన్నీ కలిసి బొమ్మ మీద ఏటవాలు చారలు. రెండు రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నాక దొరికింది. ఆర్డునోలో మనం అడక్కపోయినా టైము లెక్కపెట్టే ఇంటరప్ట్ ఒకటి 1.024 మిల్లీసెకన్లకోసారి వస్తుంది. 1.024ని 64 మైక్రోసెకన్లతో భాగించండి. సరిగ్గా 16. దాన్ని ఆపేశాను, చారలు పోయాయి. ఆ రాత్రి హాస్టల్లో నేనొక్కణ్ణే పార్టీ చేసుకున్నాను.

సరి ఫీల్డుకీ బేసి ఫీల్డుకీ మధ్య అర లైను తేడా వల్ల అంచుల మీద సన్నటి నలుసు ఉంటుంది. బేసి ఫీల్డులే తీసుకుంటే అది పోతుంది గానీ 12.8 సెకన్లు కూర్చోవాలి. వద్దులే అని వదిలేశాను.

దసరాకి ఇంటికెళ్ళి తాతయ్యని కూర్చోబెట్టాను. మా తాతయ్య జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితుడిగా రిటైరయ్యాడు. ఆయన రాత చూసి ఊళ్ళో పెళ్ళి శుభలేఖలకి కూడా ఆయన చేతే రాయించుకునేవాళ్ళట. "ఆరున్నర సెకన్లు కదలకూడదు తాతయ్యా" అన్నాను. "పదో తరగతి పరీక్షల్లో మూడు గంటలు నించున్నవాణ్ణిరా" అని, కండువా సర్దుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

మొహం బాగానే వచ్చింది. కళ్ళజోడు, మీసం, వెనక కుర్చీ కమ్మి అన్నీ తెలుస్తున్నాయి. కింద కుడిపక్కన కండువా అంచు మాత్రం రంపం పళ్ళలా వచ్చింది. పది గీతలకి ఒక పన్ను, లెక్కపెట్టినట్టు. తాతయ్య స్క్రీన్ మీదకి వంగి "అదేంట్రా, అక్కడ అలా ఉంది?" అన్నాడు.

"నా ప్రోగ్రాంలో తప్పు తాతయ్యా. ఇంకో ఇంటరప్ట్ ఏదో ఉండుంటుంది."

ఆయనేం మాట్లాడలేదు.

నాకు నిజంగానే అనుమానం రాలేదు. అంత పద్ధతిగా ఉన్న తప్పు ఎలక్ట్రానిక్స్‌లోదే అయ్యుంటుంది అనుకున్నాను. రాత్రి పదకొండు దాకా కోడ్ చూశాను. పది ఫీల్డులంటే 0.2 సెకను. సెకనుకి 5 సార్లు వచ్చేది నా ప్రోగ్రాంలో ఏదీ లేదు. కరెంటు గోల అయితే 50 ఉండాలి. టీ కప్పు పెట్టి తీశాను, అంచు నున్నగా వచ్చింది. మళ్ళీ తాతయ్య ఫొటో తెరిచాను. అదే బొమ్మలో కుర్చీ కమ్మి గీత గీసినట్టు తిన్నగా ఉంది. భుజం తిన్నగా ఉంది. కండువా ఒక్కటే అలా ఉంది.

కండువా కింద ఏముందో అప్పుడు గుర్తొచ్చింది.

జూన్‌లో తాతయ్య బ్యాంకుకి వెళ్ళొచ్చి రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. సంతకం కలవలేదని మూడుసార్లు పెట్టించుకుని, చివరికి "వేలిముద్ర వేసేయండి మాస్టారూ, పని అయిపోతుంది" అన్నారట. వేసి వచ్చాడు. ఇంట్లో మాత్రం కళ్ళజోడు పవర్ మారిందని చెప్పాడు. అమ్మ కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది, కొత్త కళ్ళజోడు వచ్చింది. అప్పట్నించీ ఆయన ఎక్కడ కూర్చున్నా కుడిచేతి మీద కండువా ఉంటోంది. మేమందరం చూస్తూనే ఉన్నాం. నా ఫోన్లో ఆయన ఫొటోలు నలభై దాకా ఉన్నాయి. ఒక్కదాంట్లో కూడా చెయ్యి వణుకుతున్నట్టు లేదు. సెకనులో వందో వంతులో తీసే ఫొటోలో ఎలా కనిపిస్తుంది? నా డబ్బా కెమెరాలో ఎడమ నుంచి కుడికి వెళ్తున్నకొద్దీ కాలం నడుస్తుంది కాబట్టి, కదిలిందల్లా అలలాగా పడింది.

పొద్దున్నే ఎలా అడగాలో తెలీక ఊరికే టీ కప్పు ఫొటోలు తీస్తూ కూర్చున్నాను. తాతయ్య వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. కండువా తీసి భుజాన వేసుకున్నాడు. ముంజేయి కుర్చీ చేతి మీద పెట్టి, మణికట్టు దగ్గర్నించి బయటికి వదిలేశాడు.

"దీన్ని తియ్యి."

వెనక నల్ల దుప్పటి కట్టి తీశాను. మోచేతి నుంచి మణికట్టు దాకా అంచు నున్నగా ఉంది. అక్కణ్ణించి వేళ్ళ చివరి దాకా వంద గీతలు, వాటి మీద అలలు. తాతయ్య పెన్సిల్ మొనతో స్క్రీన్ మీద ఒక్కొక్కటే తాకుతూ, బళ్ళో హాజరు వేసినట్టు, పైకే లెక్కపెట్టాడు. పది వచ్చాయి.

"వంద గీతలంటే ఎంతసేపురా?"

"రెండు సెకన్లు తాతయ్యా."

"సెకనుకి అయిదు" అని కాసేపు ఆగాడు. "కలం పట్టుకుంటే ఇంత ఉండదు. అక్షరాలు చిన్నవైపోతున్నాయి గానీ, ఇంత వణకదు. అదీ తియ్యి."

తీశాను. ఆయన చెప్పింది నిజమే, కలం పట్టుకున్న చేతికి అలలు బాగా తగ్గాయి. రెండూ ప్రింటు తీసిమ్మన్నాడు. ఊళ్ళో జిరాక్స్ షాపులో తీయించి ఇచ్చాను. అమ్మకి తనే చూపించాడు. ఏం చెప్పాడో నేను వినలేదు, నన్ను పాల ప్యాకెట్లు తెమ్మని పంపించారు.

సెలవులు అయిపోయేలోపే గుంటూరులో న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్ళాం. "ఊరికే ఉన్నప్పుడు వణుకుతుందా, పని చేసేటప్పుడా?" అని ఆయన అడగ్గానే, మేం నోరు తెరిచేలోపు తాతయ్య ఫైల్లోంచి రెండు కాగితాలూ తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది ఊరికే ఉన్నప్పుడు. ఇది రాసేటప్పుడు. మా మనవడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు." డాక్టరుగారు కళ్ళజోడు పైకి తోసుకుని కాసేపు చూశారు. నేను కాలమ్ టైమింగ్ గురించి చెప్పబోతే నవ్వి, "తర్వాత విందాం" అని, తాతయ్యని తలుపు దాకా నడిచి రమ్మన్నారు. వేళ్ళు టకటకా కలిపి విడదీయమన్నారు. ఆయనకి కావలసినదంతా నా ప్రింటు లేకపోయినా తెలిసేదే, అది నాకు అక్కడే అర్థమైంది. కాకపోతే తాతయ్య అక్కడిదాకా వచ్చాడు.

మందులు మొదలయ్యాయి. సంక్రాంతికి వెళ్ళినప్పుడు అదే కుర్చీ, అదే దుప్పటి, అదే దూరంలో మళ్ళీ తీయాలి. అలలు తగ్గాయో లేదో తనే లెక్కపెడతానన్నాడు. అందాకా సర్క్యూట్‌ని బ్రెడ్‌బోర్డ్ మీంచి పీసీబీ మీదకి మార్చాలి. బస్సులో వచ్చేటప్పుడు ఎల్ఎం1881 పిన్ను ఒకటి విరిగింది. ఎవరి దగ్గరైనా స్పేర్ ఉంటే డిజిటల్ ల్యాబ్‌లో సాయంత్రం నాలుగు తర్వాత కనిపిస్తాను.